నువాగాం స్పోర్టింగ్ పైకెక్కిన ఏడాది

ఛత్రపూర్ కోర్టు మలుపు దాటగానే ఆర్యపల్లి ఆటో ఆగింది. రోడ్డు పక్కన ఖాళీ చేపల తట్టతో ఒకామె చెయ్యెత్తి నిలబడి ఉంది. ఆమెని చూడగానే, దిగిపోయి వెనకొచ్చే ఆటో ఎక్కితే బాగుండుననిపించింది జగ్గారావుకి. అప్పటికే ఆలస్యమైంది. అమ్మణ్ణి తట్టని ఆటో వెనకాల తాడుకి కట్టించి, అతని పక్కనే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటన్నియ్యా, నన్ను సూసి మొకం తిప్పేసుకుంతన్నావు? సేపల కంపా?"

"కంపేటి సెల్లీ. ఎండ కొట్టి కళ్లు కనపళ్లేదు."

"మబ్బట్టి మూడ్రోజులయింది. నీకొక్కడికీ యేరే ఎండ కాస్తందేటి?"

ఆటో నడిపేవాడు నవ్వాడు. జగ్గారావు నవ్వలేదు. ఒళ్లో ఉన్న గుడ్డసంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

అమ్మణ్ణి కొడుకు కాసులు నువాగాం స్పోర్టింగ్ క్లబ్బుకి గోల్‌కీపరు. బరంపురంలో గోసాని నువాగాం పేట పేరు పెట్టుకుని పుట్టిన ఆ ఫుట్‌బాల్ జట్టుకి ఇరవై రెండేళ్లుగా జగ్గారావే కోచు. మొన్న మార్చిలో జట్టు రెండో డివిజన్ గెలిచి, మొట్టమొదటిసారి ఫస్ట్ డివిజన్‌కి ఎక్కింది. ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే కాగితం ఆ సంచీలో ఉంది. దాని మీద కాసులు సంతకం కావాలి. రేపటితో గడువు. ఆ సంతకం పెట్టొద్దనే హక్కు ఎవరికైనా ఉంటే అది ఈ పక్కన కూర్చున్న మనిషికే. అందుకే ఆమె లేని వేళ చూసుకుని బయల్దేరాడు. ఆమె చేపలు ఆవేళ తొందరగా అమ్ముడైపోతాయని అతనికేం తెలుసు?

జగ్గారావుకి అరవై ఆరేళ్లు. తండ్రి సోంపేట వైపు నుంచి రైల్వే పనికోసం వచ్చి బరంపురంలో ఉండిపోయాడు. కొడుకు కీమ్యాన్ అయ్యాడు. కీమ్యాన్ అంటే భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంబడి నడుస్తూ, పట్టాల్ని దిమ్మలకి పట్టి ఉంచే ఇనప తాళాల్లో వదులైన ప్రతిదాన్నీ బిగించుకుంటూ పోయేవాడు. ముప్పై నాలుగేళ్లు, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అదే దారిలో వెనక్కి. బంతాట కూడా ఈ వైపుకి పట్టాల వెంబడే వచ్చిందని పాత రైల్వేవాళ్లు చెప్పుకుంటారు. ఎక్కడ ఇంజను నీళ్లకి ఆగితే అక్కడ కాస్త చదును నేల, రెండు గుంజలు, ఒక బంతి. ఈ లోకంలో చాలా సంగతులు ఎవరో దేనికోసమో ఆగినప్పుడే పుట్టాయి. నిజమో కాదో గానీ జగ్గారావుకి మాత్రం ఆట స్టేషను వెనక ఖాళీ స్థలంలోనే అబ్బింది. ఇరవై రెండో ఏట కటక్ క్లబ్బొకటి రమ్మని కబురు పెట్టింది. ఆ వారమే వరదకి పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి సెలవు దొరకలేదు. అతను దాన్నెప్పుడూ పెద్ద కథలా చెప్పుకోలేదు. కానీ ఉద్యోగం నుంచి దిగిపోక ముందే ఒక జట్టుని పెట్టాడు.

ఆ జట్టుకి బట్టలుతికింది అతని భార్య పుణ్యవతి. ఏటేటా వెలిసిపోయిన జెర్సీలన్నీ పెద్ద బానలో వేసి, నీలం రంగు మరగబెట్టి ముంచేది. ఆ తర్వాత వారం రోజులు ఆమె మోచేతుల దాకా నీలమే. ఆ చేతులతోనే అన్నం వడ్డించేది. "పై డివిజన్‌కి ఎల్లిన్నాడు కొత్తవి కొనిపించు. ఇంక నాను రంగెయ్యను. నన్ను కటక్ తీసుకెల్లి ముందు వరసలో కూకోబెట్టు" అనేది. రెండేళ్ల కిందట, కార్తీకమాసంలో పోయింది. జట్టు పైకెక్కిన రోజు వీధంతా బాణసంచా కాలుస్తుంటే జగ్గారావు పెరట్లోకి వెళ్లి, బోర్లించి ఉన్న బాన మీద చాలాసేపు కూర్చున్నాడు.

జేబులో ఫోను మోగింది. జట్టు ఫార్వర్డు పింటు. బరంపురంలో ఆటో నడుపుతాడు. మాట్లాడితే చుట్టుపక్కల నలుగురికీ వినిపిస్తుంది.

"గురూజీ! హేలా? సంతకం అయిపోయిందా?"

"ఇంకా దార్లోనే ఉన్నాను."

"నాను లెక్కేసినాను గురూజీ. పన్నెండు టీములు. ఆకరి రెండూ కిందకి దిగిపోతాయి. మనకంటే తక్కువోళ్లు నాలుగు టీములున్నారు. కాసులూ, ఆ బ్యాకులిద్దరూ ఉంతే మనం దిగం. పక్కా!"

"సరే, ఒగ్గేయ్ మరి."

అమ్మణ్ణి అన్నీ వింది. వినలేదన్నట్టు బయటికి చూస్తూ కూర్చుంది.

పింటు చెప్పిన వెనక వరస 'బ్యాకులిద్దరూ' కూడా ఆర్యపల్లి వాళ్లే, వేరే పడవల మీద వేటకెళ్లేవాళ్లు. కాసులు ఏది చేస్తే వాళ్లదే చేస్తామన్నారు. ఈ ముగ్గురినీ జగ్గారావు మైదానంలో కనిపెట్టలేదు, ఇసుకలో కనిపెట్టాడు. పన్నెండేళ్ల కిందట చేపలు కొందామని వచ్చి, పడవని నీళ్లలోకి దింపడం చూశాడు. మొలలోతు నీళ్లలో పడవకి అటూ ఇటూ మనుషులు పట్టుకుని నిలబడతారు. ఎవరూ తొయ్యరు. ఒకడు మాత్రం కెరటాల కేసి చూస్తుంటాడు. పెద్దది వెళ్లనిచ్చి, రెండోది విరగనిచ్చి, మూడోదానికి ముందు ఒక్క ఊపిరంత సందు దొరకగానే "లేయ్!" అంటాడు. అందరూ ఒక్కసారే తొయ్యాలి. ఒక్కడు ఆలస్యమైతే పడవ అడ్డం తిరిగిపోతుంది.

బంతాటలో వెనక వరస వాళ్లు నేర్చుకోవాల్సిందీ అదే. అవతలి వాడు ముందుకి బంతి వెయ్యబోయే క్షణంలో అందరూ కలిసి ఒక్క అడుగు ముందుకెయ్యాలి. బంతి కోసం ముందే పోయి నిలబడ్డవాడు వీళ్ల వెనక ఒంటరిగా మిగిలిపోయి ఆఫ్‌సైడ్ అయిపోతాడు. రిఫరీ ఈలేస్తాడు. దీన్ని నేర్పడానికి చదువుకున్న కోచులు నెలలకి నెలలు విజిళ్లు ఊదుతారు. ఈ పిల్లలు తల్లి పాలతో తాగేశారు. గోల్లో నిలబడి కాసులు "లేయ్!" అంటే నలుగురు బ్యాకులూ ఒక్క మనిషిలా కదిలేవారు. రెండో డివిజన్‌లో ఆ వరసని ఛేదించిన జట్టు లేదు.

కానీ ఆ ఆటంతా ఏ నెలల్లో జరిగింది? జనవరి నుంచి మార్చి. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. అప్పుడు ఒడ్డుకి దగ్గర్లో వేట బందు. కార్తీకం నుంచి జ్యేష్ఠం దాకా ఏదో ఒక బందు నడుస్తూనే ఉంటుంది. పడవలు ఇసుక మీద పడుంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఖాళీగా ఉంటారు. సముద్రం అక్కర్లేదన్నప్పుడే వాళ్లు జగ్గారావుకి దొరికారు. ఫస్ట్ డివిజన్ జరిగేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, కటక్‌లో. అక్కడే ఉండాలి. అవి ఇలస చేప దొరికే నెలలు, ఏడాదికి సరిపడా తిండి తెచ్చుకునే నెలలు. ఇరవై రెండేళ్లు పైకెక్కాలి పైకెక్కాలి అని కలవరించిన మనిషి, పైన ఆట ఏ కాలంలో ఆడతారో ఒక్కనాడూ అడగలేదు. కాగితం చేతికొచ్చాక చదివి, గోడ మీది క్యాలెండరు కేసి చూసి, అలాగే నిలబడిపోయాడు.

"అన్నియ్యా," అంది అమ్మణ్ణి. ఆటో రైలు గేటు దగ్గర ఆగింది. "నువ్వెందుకొస్తన్నావో నాకు తెలుసు."

జగ్గారావు మూసి ఉన్న గేటు కేసి చూశాడు.

"నాను వద్దనను. ఆడు ముందే ఒప్పేసుకున్నాడు. బట్టలు సర్దేసుకున్నాడు. ఆడి బదులు మా కోడలి తమ్ముడు బబ్లూ బోటెక్కుతాడు."

"బబ్లూ సూరత్‌లో కదా ఉండీవోడు?"

"మగ్గాల పని ఒగ్గేసి వొచ్చీసినాడు. కెరటం అంతే ఆడికేటి తెలుస్తాది? రెండుసార్లు పడితే నేర్సుకుంతాడు." ఆమె తట్ట కట్టిన తాడు వైపు చూసింది. "ఆ బోటు మీద మూడు కొంపలున్నాయి. అదీ ఆడికి తెలుసు. అయినా నీకు కాదని సెప్పలేడు. ఆళ్ల నాన్న పోయినప్పుడు పన్నెండు రోజులూ మా గుమ్మంలో కూకున్నావు. మా సొంతోళ్లు మూడో రోజుకే ఎల్లిపోయినారు. ఆడు దాన్ని మర్సిపోడు."

"నానందుకు కూకోలేదు సెల్లీ."

"నువ్వందుకు కూకోలేదు. ఆడందుకే ఎల్తన్నాడు."

గూడ్సు రైలు ఒకటి చాలా పొడుగ్గా పోయింది. జగ్గారావు అలవాటుగా చక్రాల చప్పుడు వింటున్నాడు. ఎక్కడో ఒక తాళం వదులుగా ఉంది.

గేటు లేచాక అమ్మణ్ణి మళ్లీ అడిగింది. "నిజం సెప్పు. అక్కడ నెగ్గుతారా?"

"నెగ్గడమంతే... ఈళ్లు ముగ్గురూ ఉంతే రెండో మూడో నెగ్గుతాం. కొన్ని సమం సేస్తాం. దిగిపోం అనుకుంతన్నాను."

"లేకపోతే?"

అతను సంచీ నాడాని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"లేకపోతే పుణ్యవతి బాన మల్లా బయటికి తియ్యాలి."

ఆర్యపల్లి వచ్చిందాకా ఇద్దరూ రోడ్డు పక్క ఆరబెట్టిన చేపల్నీ, వాటి చుట్టూ ఎగురుతున్న కాకుల్నీ చూస్తూ కూర్చున్నారు.

ఒడ్డున పడవలు బయల్దేరే వేళ. సాయంత్రానికి వల వేస్తే తెల్లారి తీసుకొస్తారు. కాసులు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, బోర్లించిన పాత తెప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, పరీక్షకి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"రా మావా. కాగితం తెచ్చినావా? ఏ సోట పెట్టాలి?"

"తొందరేటి, పెడుదువులే." జగ్గారావు సంచీ విప్పలేదు. "మీ బోటేదీ?"

కాసులు గడ్డంతో చూపించాడు. నీళ్లలో నలుగురు పడవ పట్టుకుని ఉన్నారు. ముందు నిలబడ్డది బబ్లూ. అతను కెరటాల కేసి కాదు, తోటివాళ్ల మొహాల కేసి చూస్తున్నాడు.

"బాగానే ఉన్నాడు కదా," అన్నాడు జగ్గారావు.

"బాగానే ఉన్నాడు మావా," అన్నాడు కాసులు. ఇద్దరికీ కళ్లున్నాయి.

బబ్లూ అరిచాడు. అరుపు ఆలస్యంగా వచ్చింది. ఇద్దరు తోశారు, ఇద్దరు ఆగారు. కెరటం పడవ ముక్కుని పక్కకి తిప్పేసింది. వల సగం జారి నీళ్లలో పడింది. ఒక మనిషి పడవ కింద మునిగి, అవతల వైపు దగ్గుతూ లేచాడు. ఒడ్డున ఆడవాళ్లు కేకలేశారు.

"ఒక్క నిమిసం మావా!"

కాసులు చొక్కా విప్పి, పెన్నుతో సహా జగ్గారావు చేతుల్లో పెట్టి పరిగెత్తాడు. పడవ అంచుకి భుజమానించి ముక్కుని సముద్రానికి ఎదురు తిప్పాడు. తర్వాత ఆగాడు. అందరూ ఆగారు. పెద్దది వెళ్లింది. రెండోది విరిగింది.

"లేయ్!"

ఒడ్డున పొడి ఇసుకలో నిలబడి ఉన్న జగ్గారావు కాలు దానంతటదే ఒక అడుగు ముందుకేసింది.

పడవ కెరటమెక్కి అవతలికి దిగింది. పీకల్లోతు నీళ్లలో కాసులు పడవ అంచు వదల్లేదు. పైనుంచి వాళ్లేదో అడుగుతున్నారు. అతను వాళ్లకేదో చెబుతున్నాడు, వీపు ఒడ్డు వైపుంది. అమ్మణ్ణి నీళ్లలోకి దిగి, కొట్టుకొచ్చిన వల తాడుని చేతికి చుట్టుకుంటోంది. వెనక్కి తిరిగి చూడలేదు.

జగ్గారావు చొక్కా మడత పెట్టాడు. పుణ్యవతి జెర్సీలు మడతపెట్టినట్టే, చేతులు లోపలికి మడిచి. తెప్ప మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన పెన్ను పెట్టాడు. అది చాలదనిపించి ఒక రాయి కూడా పెట్టాడు.

సంచీ విప్పకుండానే, కాగితంతో సహా భుజాన వేసుకుని సరుగుడు తోటలోకి నడిచాడు. జేబులో ఫోను మళ్లీ మోగింది. పింటు అయి ఉంటాడు. మోగి మోగి ఆగిపోయింది. తారు రోడ్డు మీద ఛత్రపూర్ ఆటో కదలబోతూ అతని కోసం హారను కొట్టింది. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. స్టేషను ఆరేడు కిలోమీటర్లుంటుంది. రోడ్డు అంచు వెంబడి, తలొంచుకుని, నేల కేసి చూసుకుంటూ నడుచుకుంటూ పోయాడు.