మేడమ్ నేర్పిన తడబాటు

పోయిన ఆదివారం పొద్దున్నే మేడమ్ భర్త ఫోన్ చేశారు. "మీ మేడమ్ మనల్నొదిలి ఎల్లిపోయిందమ్మా," అని పెట్టేశారు.

మనిషి ఆలోచన ఎలా సాగుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టి చూడడం యూనివర్సిటీలో మాకు నేర్పింది ఆవిడే. శ్రీకూర్మం దగ్గరి సముద్రపు పల్లెలో, చేపలమ్మే ఇంట్లో పుట్టారు. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టినా, తనకిష్టమైన చోటికి వచ్చేసరికి మా యాసలోకి దిగిపోయేవారు. నోరు విప్పితే నవ్వుతారేమోనని వెనక బెంచీలో ముడుచుకు కూర్చునే రాజాం పిల్లకి, అంటే నాకు, ఆ యాసే ధైర్యం.

మనుషులు పదాలను ఎలా గుర్తు తెచ్చుకుంటారో చూపించే ప్రోగ్రామ్ రాయడం నా ప్రాజెక్టు. నెలల తరబడి కష్టపడి, అడిగిన ప్రతి పదాన్నీ ఠక్కున చెప్పేలా తయారుచేసి, గర్వంగా చూపించాను. మేడమ్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నారు.

"బాగానే ఉన్నాది గానీ, ఇందులో మనిషేడే?"

"ఒక్క తప్పు కూడా లేదు మేడమ్."

"అదే నేనంటన్నది. మనకి పేరు నోటి సివరిదాకా వచ్చి ఆగిపోతాది. ఒకటనబోయి ఇంకోటి అంటాం. అదెందుకో సెప్పకపోతే, మనిషి గురించి నువ్వేటి సెప్పినట్టు?"

ఏడుపొచ్చింది. చదువు మానేసి ఏదో ఉద్యోగంలో చేరిపోతానన్నాను. ఆవిడ వారించలేదు. టిఫిన్ డబ్బా తెరిచి, సగం పులిహోర మూతలో పెట్టి నా ముందుకు జరిపారు. "ముందు తిను. తిన్నాక మానేద్దువు గాని."

తిన్నాక మానలేదు. మనలా తడబడే నమూనా ఒకటి ఆవిడ పక్కన కూర్చునే కట్టాను. ఇవాళ నేను నలుగురికి పాఠం చెప్పగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

నిరుడు మేడమ్‌కి పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది గానీ పదాలు చేజారిపోయేవి. విజయనగరంలో వాళ్లింటికి వెళితే, కాఫీ గ్లాసు చూపించి, "ఆ గొడుగు తీసుకో," అన్నారు. వెంటనే తనే నవ్వేశారు. "తప్పన్నాను కదే? రాసుకో, నీకు పనికొస్తాది."

పెరట్లో జీడిమామిడి చెట్టు పూత మీద ఉంది. అటు చూస్తూ ఏదో అనబోయి ఆగిపోయారు. భర్త ఆ పదం అందించబోతే తల అడ్డంగా ఊపారు. "సెప్పొద్దు. ఉండండి. వస్తాది."

ముగ్గురం అలాగే కూర్చున్నాం. నుదురు ముడుచుకుని, పెదాలు కదుపుతూ, ఆ చెట్టునే చూశారు. చాలాసేపటికి, "జీడి!" అన్నారు. ఆ సంబరంలో చప్పట్లు కొట్టబోతే కుడిచెయ్యి లేవలేదు. ఎడమచెయ్యి చాచి, నా అరచేతిలో గట్టిగా చరిచారు.