సాకు అన్న మాట

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. తప్పు తర్వాత. తెలివితక్కువతనం వింటే మీరు నవ్వుతారు, నవ్వినవాళ్లు కాస్త మెత్తబడతారు. ఆ కిటుకు నాకు తెలుసు.

అర్థం తెలియని ఒక మాటను మైకులో అరిచి నేను పేరు తెచ్చుకున్నాను. మూడు వారాలు తెలియక అరిచాను. ఆ తర్వాత నాలుగేళ్లు తెలిసి అరిచాను. మొదటిది మూర్ఖత్వం. రెండోదాన్ని ఏమనాలి? రెండే రెండక్షరాల మాట అది. తాండూరు బండ ఒకటి తెచ్చి గుండె మీద పరిచినట్టు నాలుగేళ్లుగా దాని కింద పడుకుని లేస్తున్నాను.

నేను ర్యాపర్‌ని. ఆ ముక్క మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్న బిస్కెట్ పొట్లం మీది కాగితం అనుకున్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు చూస్తే ఆయనదే సరైన అర్థం. లోపలి సరుకు ఇంకొకడిది, పైన మెరిసే కాగితం నేను. ఊరు వికారాబాద్ కదా అని మొదట్లో ‘వికార్’ అని పేరు పెట్టుకున్నాను. వినేవాళ్లకు వికారం పుడుతోందని స్నేహితులు అంటే మార్చుకున్నాను. మార్చుకున్న పేరు చెప్పను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

స్టేషన్‌కు దగ్గరలో మా మేడ మీద ఒక గది ఉండేది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు రెండు దుప్పట్లు, ఒక మైకు, ఒక పాత ల్యాప్‌టాప్. చుట్టుపక్కల ఊళ్లలో ర్యాప్ రాసుకునే పిల్లలందరికీ అదే స్టూడియో. ప్రభుదాసు అక్కడికే వచ్చాడు. తాండూరులో బండలు కోసి మెరుగుపెట్టే యూనిట్‌లో పని. సెలవు దొరికిన రోజు పొద్దున రైలెక్కి వికారాబాద్ వచ్చేవాడు. తలస్నానం చేసి వచ్చినా కనుబొమల్లో తెల్లటి రాతిపొడి ఉండేది. ఇరవై రెండేళ్లవాడికి ముసలి కనుబొమలు.

ఈ పాట తెచ్చిన రోజు వాడు ఒకే ఒక్కసారి పాడాడు. రెండోసారి అడగాల్సిన పని పడలేదు.

బండకు మెరుపొచ్చె, అవ్వకు దగ్గొచ్చె,
అద్దమోలె బండల నా మొఖం అగుపిచ్చె,
అవ్వకు వెట్టిన బువ్వ సగం నాకే మల్లొచ్చె,
అడిగితె అన్నదొక్కటే: సాకు.

ఆ చివరి మాటను వాడు అరవలేదు. పళ్లెం కింద పెట్టినట్టు మెల్లగా దించాడు. తర్వాత మూడుసార్లు అదే మాట, ఒకదాని కంటే ఒకటి తగ్గిస్తూ. చివర్లో చిన్న దగ్గు. ఆ దగ్గు ఇప్పటికీ ఆ ఫైల్లో ఉంది.

పాటలోని అవ్వ వాళ్లమ్మే, పేరు సువార్తమ్మ. ఆమె కూడా ఏళ్ల తరబడి అదే యూనిట్‌లో చేసింది. ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి దిగి అప్పటికి మంచం పట్టింది. పాట మొదట ఆమెకు వినిపించాలని, ఆ తర్వాతే బయటికి వదలాలని వాడి కోరిక. అందుకు బీట్ ఇంకొంచెం సర్ది పెట్టమని, వచ్చే సెలవుకు వస్తానని నాకు అప్పగించి రైలుకు వెళ్లాడు. ఫైలు నా దగ్గర ఉంచి వెళ్లాడు. నమ్మకం కూడా నా దగ్గరే ఉంచి వెళ్లాడు. రెండింటిలో ఏది మొదట తెరిచానో మీకు తెలుసు.

వచ్చే సెలవుకు వాడు రాలేదు. అమ్మకు ఎక్కువైంది. అదే వారం హైదరాబాద్ నుంచి నాకు కబురొచ్చింది. కొత్త ర్యాపర్ల పాటలు విడుదల చేసే ఒక చానెల్ వాళ్లు. ‘రాబోయే ర్యాపర్లు’ అని ఒక వరస మొదలుపెడుతున్నారట. శనివారంలోగా ఒక పాట పంపమన్నారు. నా దగ్గర పాట లేదు. రాబోయేవాడికి ఏమీ రావట్లేదు.

దొంగతనం చేస్తున్నానని అనుకున్నానా? లేదు. అదే నన్ను భయపెడుతుంది. వాడి బీట్ నేనే సర్దుతున్నాను కదా అనుకున్నాను. వాడెలాగూ వచ్చేట్టు లేడు కదా అనుకున్నాను. కొంచెం మారుస్తాను, తర్వాత వాడికి చెబుతాను అనుకున్నాను. మనిషి తప్పు చేసేటప్పుడు ఇంత మర్యాదగా, ఇంత నెమ్మదిగా తనతో తాను మాట్లాడుకుంటాడని నాకు అప్పటిదాకా తెలియదు.

మార్చింది ఏమిటో చెప్పాలి. సాకు అంటే సాకే అనుకున్నాను, తప్పించుకోవడానికి చెప్పే మాట. పాపం ఆ తల్లి ఆకలి లేదని సాకు చెప్పి కొడుక్కి అన్నం పెడుతోంది అనుకున్నాను. బాగుంది, కానీ చానెల్‌కు పనికిరాదు, మెత్తగా ఉంది అనుకున్నాను. అందుకని అవ్వను తీసేశాను. ఆమె ఉన్నచోట నాతో పోటీపడే ర్యాపర్లను కూర్చోబెట్టాను. ఎవడినడిగినా చెప్పేదొక్కటే, సాకు! వాడు దించిన చోట నేను ఎక్కించాను. ఛాతీ మీద గుద్దుకుంటూ అరిచాను. మెరుపున్న బండను ఉంచుకున్నాను, అద్దంలో మొహాన్ని ఉంచుకున్నాను, దగ్గును తీసేశాను.

పాట అంటుకుంది. కాలేజీ పిల్లలు రీళ్లు చేశారు. ఆటోల్లో, జిమ్ముల్లో, పెళ్లి బరాత్‌లలో అదే. మూడు వారాల్లో నేను నిజంగానే రాబోయేవాణ్ని అయిపోయాను.

మూడో వారం చివర ఒక మధ్యాహ్నం ప్రభుదాసు వచ్చాడు. మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గడప అవతల నిలబడే మాట్లాడాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నాకు చెదరలేదు.

“అన్నా, ఒక్కటడుగుత. సాకంటే ఏందనుకున్నవ్?”

“ఏముంది తమ్మీ, సాకంటే సాకే. బహానా.”

వాడు నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్లలు తప్పు చదివితే నవ్వుతామే, అలా.

“మస్తు సమజైంది నీకు! మా అవ్వది సేడం దిక్కన్నా. ఆమెకు కన్నడమే ముందొస్తది. సాకంటే ఆళ్లకు చాలు అని. బువ్వ వెడ్తె సాకు, నీళ్లు పోస్తె సాకు. దగ్గొచ్చి నేను వీపు రుద్దుతుంటె, సాకు మగా, ఇగ సాకు అంటది. మగా అంటె కొడుకా అని. పాటంత గదే.”

“నాకు తెల్వది తమ్మీ. నీ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకన్నా, ఉన్నది చాలదా? అర్థం తెల్వక మార్చినవ్, సరే. అవ్వను తెల్సే తీసేస్తివి గద?”

మూడు వారాలుగా ఊరంతా మోగిన నోటితో మెల్లగా అన్నాను, “గిప్పుడైనా నీ పాట వదులుదాం తియ్యి. నీ గొంతు నా దగ్గర్నే ఉంది.”

“గదే గదన్నా ఫికర్. నా గొంతు నీ దగ్గర వడ్డది. నిన్న దవఖానకు ఆటోల తీస్కవోతున్న. ఆటోవాడు నీ పాట వెట్టిండు. అవ్వ విన్నది. ఎవడు మగా వాడు, నా మాటను గంత గట్టిగ ఒర్లుతున్నడు అని అడిగింది. ఏం చెప్పాలె చెప్పు? గిప్పుడు నాది వినిపిస్తె, నీదానికి కాపీ అనుకుంటది.”

“ఏం చెయ్యమంటవ్ మరి?”

“నా పేరొద్దు. పాట కింద మా అవ్వ పేరు రాయి, సువార్తమ్మ అని. పాణం ఉండంగ ఒక్కసారి చూపిస్త. గంతే.”

రాస్తానన్నాను. తల కూడా ఊపాను. వాడు మెట్లు దిగి, నాలుగు గంటల రైలుకు వెళ్లిపోయాడు.

నేను రాయలేదు.

రాయడానికి ఎంతసేపు? ఒక్క పేరు. కానీ పేరు పెడితే ఆవిడెవరని అడుగుతారు. ఎవరో చెబితే కొడుకెవరని అడుగుతారు. ఒక్క పోగు లాగితే నా చొక్కా అంతా ఊడుతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ పోయాను. వాడు ఫోన్ చేస్తే చానెల్ వాళ్లు ఒప్పుకోవట్లేదు తమ్మీ అన్నాను. నేను చానెల్ వాళ్లను అడగనే లేదు. అంటే, చూశారా, ఆ మాటకు నాకు తెలిసిన అర్థాన్నే నేను చివరికి బతికించాను. వాళ్లమ్మ చాలు అన్న మాటతో నేను సాకు చెప్పాను.

వానాకాలం మొదట్లో సువార్తమ్మ పోయింది. మా గదికి వచ్చే తాండూరు పిల్లలు చెప్పారు. బయల్దేరాను. తాండూరులో దిగాను. స్టేషన్ దాటితే వాళ్ల బస్తీ ఎటో తెలుసు. ప్లాట్‌ఫారం మీద టీ తాగాను, ఇంకో టీ తాగాను, వికారాబాద్ వైపు బండి వస్తే ఎక్కేశాను. అక్కడిదాకా వెళ్లి వచ్చానని చాలాకాలం నాకు నేను గొప్పగా చెప్పుకున్నాను. వెళ్లినవాడికీ వెళ్లనివాడికీ తేడా రెండు టీలేనా?

ప్రభుదాసు మళ్లీ ఫోన్ చేయలేదు. ర్యాప్ రాయడం మానేశాడని విన్నాను. ఇప్పటికీ ఆ యూనిట్‌లోనే పనిచేస్తున్నాడట. రాతిపొడి కూడా అక్కడే ఉంది కదా, ఎక్కడికి పోతుంది?

మా దిక్కు తాండూరు బండ పరవని ఇల్లు చూపించండి. మా ఇంట్లోనూ అదే. అమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచినప్పుడల్లా నేలలో నా మొహం కనబడుతుంది. అద్దమోలె బండల నా మొఖం అగుపిచ్చె. ఆ పాదం నేను దొంగిలించాననుకున్నాను. అది నన్ను పట్టుకుంది. తలవంచితే మొహం. తలెత్తి నడిచే హక్కు ఎటూ లేదు.

దానికంటే భయంకరమైనది వేదిక. నేను ఏ ఊళ్లో ఎక్కినా జనం ముందు అడిగేది ఆ పాటే. బీట్ మొదలవగానే వెయ్యి గొంతులు ఒక్కసారిగా అరుస్తాయి: సాకు! సాకు! సాకు! వాళ్లు తెలుగులోనే అరుస్తారు, నాకేమో కన్నడంలో వినబడుతుంది. చాలు, చాలు, ఇక చాలు. నన్ను దిగిపొమ్మని వెయ్యి మంది కేకలేస్తుంటే చేతులూపుతూ, ఇంకా గట్టిగా అరవమని సైగ చేసే పిచ్చివాణ్ని ఇంకెక్కడైనా చూశారా? ఆ అరుపుల అడుగున, ఎప్పుడో ఒకప్పుడు, నేను తీసేసిన దగ్గు వినబడుతుంది. ప్రతిసారీ కాదు. ప్రతిసారీ వినబడితే అలవాటయ్యేది.

ఆ మాటకు మూడో అర్థం కూడా ఉంది. మనవైపు పిల్లల్ని పెంచడాన్ని సాకడం అంటాం. తనకు సాకు అంటూ కొడుకును సాకింది ఆ తల్లి. నాకది సాకైంది. మాటలతో ఆడుకునేవాణ్నని చెప్పుకుంటాను కదా, ఈ మాట మాత్రం నాతో ఆడుకుంది.

ఈ మధ్య తాండూరులో కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. ఇన్నేళ్లూ ఆ ఊరి పిలుపు ఏదో ఒక వంకతో తప్పించుకున్నాను. ఈసారి ఒప్పుకున్నాను. నా కొత్త పాట విడుదలకు ముందు అక్కడ కనబడితే మంచిదని చానెల్ వాళ్లు అన్నారు. ఆ సాయంత్రం నేను వేదిక దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. వెనకాల పెద్ద తెర. తెర మీద నా పేరు తిరుగుతూ ఉండాలి. తెర నడిపే అతనికి వేరే ఫైలు ఇచ్చాను. పాట రాగానే ఇదొక్కటే పెట్టు, ఏమైనా సరే తియ్యకు అని చెప్పాను.

బీట్ మొదలైంది. తెర మీద మనిషంత అక్షరాల్లో ‘సువార్తమ్మ మాట’ అని పడింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు వరసలో ఒకడు “అన్నా, కొత్త సినిమానా!” అని అరిచాడు కూడా. ప్రభుదాసు గొంతు ఉన్న ఫైలు వేద్దామని ఎంతగానో అనిపించింది. వేయలేదు. వాణ్ని అడగకుండా రెండోసారి కూడా ఎలా ఎత్తుకుపోను? ఆ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ అంతకుముందే వాళ్లింటి తలుపు సందులోంచి లోపలికి వేసి వచ్చాను. ఇంటికి తాళం ఉంది. తాళం చూసి ఊపిరి పీల్చుకున్నానని కూడా రాయాలి కదా. రాస్తున్నాను.

జనం ఎత్తుకున్నారు. సాకు!

నాలుగేళ్లలో మొదటిసారి ఆ మాట విన్నాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, “సరే” అన్నాను. మైకును వేదికకు పరిచిన తాండూరు బండ మీద, పళ్లెం దించినట్టు మెల్లగా దించి, దిగిపోయాను.

వెనక బీట్ ఒంటరిగా మోగుతూ ఉంది. నిర్వాహకులు తిట్టారు. చానెల్ వాళ్లు కొత్త విడుదల ఆపేశారు. రాబోయేవాణ్ని పోబోయేవాణ్ని అయ్యాను. ప్రభుదాసు ఆ జనంలో ఉన్నాడా? తెలియదు. చూడటానికి నేను తలెత్తలేదు. ఉన్నా, ఆ పేరు చూడాల్సిన మనిషి చూడదు. అందుకే దీన్ని ప్రాయశ్చిత్తం అనను. నా పేరుతో వేదికలెక్కి తిరిగిన ఆ అరుపులవాడి మీద నేను తీర్చుకున్న ఒక చిన్న కక్ష, అంతే. నిండు సభలో వాడి పాట వాడి నోట్లో ఉండగానే వాణ్ని దింపేశాను.

ఇంకా రాస్తే ఇది తెలుగు సాకు అయిపోతుంది. ఆమె భాషలోనే ఆపుతాను. సాకు.