ఓడినప్పుడు మోగే పాట

మార్కాపురంలో పలకల గోదాముల వెనక వీధిలో ఉండే చెన్నకేశవ వీడియో గేములకు సంగీతం కడతాడు. హైదరాబాదు కంపెనీ అతన్ని ఆడియో డైరెక్టర్ అంటుంది గానీ, రికార్డింగులో బయటి చప్పుడు పడకుండా తలుపుకు బొంత వేలాడదీసి, ఫ్యాను ఆపుకుని, బనీనుతో చెమటలు కక్కే ఆ గదిలో అతను డైరెక్ట్ చేసేది తననొక్కడినే. ఏ గిన్నె కనిపించినా వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. స్టీలు సామాన్ల దుకాణం వాళ్లు అతన్ని చూస్తే విసుక్కుంటారు. ఒక ఆటలో గెలిచినవాళ్ల కోసం వయొలిన్లతో పెద్ద పాట కట్టాడు. ఆట మరీ కష్టం కావడంతో దాన్ని విన్నవాళ్లే లేరు. ఓడినప్పుడు మోగే ముక్క మాత్రం ఊరంతా పాకింది. మూడు స్వరాలు దిగుతాయి, చివర ఖాళీ బిందె బండ మీద పెట్టిన చప్పుడు. ఆ బిందె ఎదురింటి రామతులసమ్మది. "నా సంగీతం వినాలంటే ఓడిపోవాల, అంతే," అని తన మీద తనే నవ్వుకుంటాడు.

నిన్న నీళ్ల ట్యాంకరు వీధిలోకి రాకుండా మలుపులోనే తిరిగి వెళ్లిపోయింది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఆ మూడు స్వరాలు తీసి, బిందెలు ఠంగున కింద పెట్టారు.

"ఏంది కేశవా, నీ పాట బాగా పాడినామా?" అంది రామతులసమ్మ.

తన ఖాళీ బిందెతో అదే వరుసలో ఉన్న చెన్నకేశవ కళ్లు మూసుకుని ఆలోచించాడు. "బాగుంది గానీ పెద్దమ్మా, మూడో స్వరం ఇంకొంచెం దించాల. ఇంకోసారి పాడండి."

"రేపు పాడతాంలే నాయనా," అంది ఆమె బిందె చంకనెత్తుకుంటూ. "రేపు మాత్రం వస్తాదా ఏంది?"