రామ్‌దాస్ ఆఖరి రీలు

పెళ్లిళ్లలో అందరినీ నిలబెట్టి ఫొటోలు తీసే మనిషికి తనదంటూ ఒక ఫొటో ఉండదు. మా బోధన్‌లో స్టూడియో నడిపిన రామ్‌దాస్ సంగతీ అంతే. రెండువేల రెండులో, రోడ్ల నిండా చెరకు బండ్లు తిరిగే రోజుల్లో, యాభై నిండకుండానే పోయాడు. దండ వేద్దామంటే ఇంట్లో ఓటరు కార్డు మీది మసక బొమ్మ తప్ప ఇంకోటి లేదు.

సరైనది ఉన్నది ఒక్కటే, అదీ కెమెరాలో, కడగని రీల్లో. తీసింది ఆయన కూతురు పుష్పలత. పదహారేళ్లది, తల్లి లేని పిల్ల. రామ్‌దాస్ ఆమెకు తన పనంతా నేర్పుతున్నాడు. చీకట్లో చక్రానికి రీలు చుట్టడం, మందులో కడగడం, ఎర్రబల్బు కింద కాగితం మీద ముఖం తేలేదాకా ఓపిక పట్టడం. "కండ్లతోని గాదు బిడ్డా, చేతులతోని సూడాలె," అనేవాడు. పోయే ముందురోజు రీల్లో ఒక్క ఫొటోకే చోటు మిగిలితే, "నన్ను తియ్యి," అంటూ గోడకు ఆనుకుని నవ్వాడు. ఎప్పుడో గాని నవ్వని మనిషి. ఆ పిల్లకు ఆ నవ్వే కావాలి.

ఆయన గుండె ఆగింది డార్క్‌రూంలోనే. లోపల గడియ వేసి ఉంటే తలుపు పగలగొట్టి తీశారు. ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి కదా, రామ్‌దాస్ తల్లి హన్మవ్వ అక్కడే పెట్టింది. పదో రోజు దాకా అది ఆరకూడదు, గదిలో చీకటి ఉండకూడదు. చీకటి కోసమే కట్టిన గదిలో! ఎకసెక్కాలాడటానికి దేవుడికి మా ఊరే దొరికింది.

"రీలు నిజామాబాద్‌ల ఇచ్చి కడిగిపిద్దాం," అన్నాడు మేనమామ శివకుమార్.

"బాపు నాతోని తీపిచ్చుకున్నడు. నేనే కడుగుత," అంది పుష్పలత.

అడిగితే అవ్వ దీపాన్ని కదపనివ్వదు. అందుకే ఒక మధ్యాహ్నం ముసలమ్మ కునుకు తీస్తుంటే, దీపం ఆరకుండా తెచ్చి వసారాలో పెట్టింది. గడియ ఊడిన తలుపుకు కుర్చీ ఆనించి, సందులకు దుప్పట్లు కప్పి, చీకట్లో రీలు విప్పింది. మొదట తీసినవన్నీ చక్రంలోకి వెళ్లాయి. ఆఖరి జానెడు ఇంకా చేతిలోనే ఉంది.

కుర్చీ జరిగింది. తలుపు తెరుచుకుంది. చేతిలో దీపంతో హన్మవ్వ.

"ఎవలే దీపం బయట వెట్టింది? నా కొడుకు చీకట్ల కూసోవాల్నా?"

పుష్పలత రీలును ఓణీలో చుట్టుకుంది గాని, వెలుతురు తగిలాక రీలు మీద బొమ్మ నిలవదు; జరగాల్సింది జరిగిపోయింది. కోపంతో నోటిదాకా వచ్చిన మాట ముసలమ్మ ముఖం చూసి ఆగిపోయింది. కొడుకు ఎదురుగా కూర్చున్నట్టే ఆ మూలకు దీపం చూపిస్తోంది హన్మవ్వ.

ఆశ చావక పుష్పలత రీలు కడిగింది. చెరకు బండ్లు, గోడెక్కిన మేక, పక్కింటి పసిపిల్ల... నేర్చుకుంటూ తీసిన పనికిరానివన్నీ పొగ పట్టినట్టుగానైనా వచ్చాయి. ఆఖరిది మొత్తం నల్లబడిపోయింది. తండ్రి రెండోసారి పోయినట్టు ఏడ్చింది.

పదో రోజు ఓటరు కార్డు బొమ్మనే పెద్దది చేయించి పీట మీద పెట్టారు. హన్మవ్వ దాని ముందు చాలాసేపు కూర్చుంది.

"గీయన నా కొడుకు లెక్కనే లేడు. నవ్వుకుంట ఉన్నది తీసిన అంటివి గదనే, ఏది?"

చుట్టాలంతా పుష్పలత వైపు తిరిగారు.

"కడుగుడు నాకు సక్కగ రాలేదవ్వా. కరాబు చేసిన."

"గింత నేర్పినా బూడిదల పోసిన పన్నీరాయెనా!" అని ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ చేతులనే పాయె గదనే నా కొడుకు ముఖం!"

"అవునవ్వా," అంది పుష్పలత.