చేపపిల్లలకి శాలువా కప్పాను

నిన్న నేను రెండు వందల చేపపిల్లల ప్రాణం తీయబోయాను. అదీ ప్రేమతో. నవ్వకుండా వినండి.

కెనడాలో మా కాల్గరీ దగ్గరి కొండల్లో ఏడాదికోసారి ఒక పాతకాలం రైలు నడుపుతారు. పూర్వం అక్కడి సెలయేళ్ళలో చేపలు పెరగాలని ట్రౌట్ అనే చేపల పిల్లల్ని పాల క్యాన్లలో పోసి రైల్లో తెచ్చేవాళ్ళట. వంతెన వచ్చినచోటల్లా బండి ఆపి ఏట్లో వదిలేవాళ్ళట. ఇప్పుడదే స్కూల్ పిల్లలకి చేసి చూపిస్తారు. మా అమ్మాయి నిత్య క్లాసు వెళ్తోందని నేనూ వాలంటీర్‌గా పేరిచ్చా.

ఇన్‌ఛార్జి మార్గరెట్ గారు నాకో క్యాన్ అప్పజెప్పారు. "ఐస్ తగ్గనీయకండి. గరిటెతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, గాలి అందుతుంది" అని చెప్పి పక్క బోగీలోకి వెళ్ళారు.

నీళ్ళలో వేలు పెట్టా. జివ్వుమంది. మాది కాకినాడండీ. ఇక్కడికొచ్చి పదేళ్ళయినా ఈ చలి నాకే అలవాటు కాలేదు, పసిగుడ్లు అవెలా తట్టుకుంటాయి? ప్రాణం ఉసూరుమంది. ఐసంతా తీసి కిటికీలోంచి పారేశా. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు కాసిని కలిపా. క్యాన్‌ని హీటర్ పక్కకి జరిపి నా శాలువా చుట్టా.

కాసేపటికి చేపపిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. హాయిగా ఉన్నట్టుంది, థాంక్స్ చెప్తున్నాయనుకుని నిత్యని పిలిచి చూపించా.

"అమ్మా, దే కాంట్ బ్రీద్" అంది. దాని మొహం పాలిపోయింది.

పక్క బోగీలో ఇరవైమంది పిల్లలు వీటిని ఏట్లో వదలడానికి తలో కప్పూ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కొందరైతే చేపలకి పేర్లు కూడా పెట్టేశారు. మార్గరెట్ గారు పరుగున వచ్చి శాలువానీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"వేణ్ణీళ్ళలో వీటికి గాలి అందదు! ఐస్ ఏది?"

ఐస్ రెండు మైళ్ళ వెనక పట్టాల పక్కనుంది. ఇక మిగిలినవి నా లంచ్ కూలర్‌లో ఐస్ ప్యాక్‌లే. మూత తీశా. పైనే చేపల పులుసు డబ్బా. బోగీ అంతా ఘుమఘుమ.

ఎవరి మొహమూ చూడకుండా ప్యాక్‌లు కడిగి క్యాన్‌లో దించా. రెండు స్టీలు గ్లాసులు తీసుకుని టీ తిరగబోసినట్టు మూరెడెత్తు నుంచి నీళ్ళు పోస్తూనే ఉన్నా. చేతులు పడిపోయాయి. చివరికి ఒకటి తోకాడించి కిందికి దిగింది, దాని వెనకే అన్నీనూ. "దే ఆర్ ఓకే, అమ్మా" అంది నిత్య. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వంతెన దగ్గర పిల్లలంతా కప్పులు ఏట్లో వంచి, పేరుపేరునా బై చెప్పారు. ఆ గోల వింటుంటే ఎంత సంతోషమేసిందో.

దిగేటప్పుడు మార్గరెట్ గారు నా భుజం తట్టి, "వచ్చే ఏడాది కూడా మీరు తప్పకుండా రావాలి" అన్నారు. పొంగిపోయా.

"క్యాంటీన్‌లో టీ పోయడానికి."