బియ్యం చెప్పిన లెక్క

హనుమకొండలో కాలేజీ వెనక సందులో మెస్ నడిపే సమ్మమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. కూరలో ఉప్పు తక్కువైందన్న వాళ్లకు ఉప్పు డబ్బా చూపించేది, ఎక్కువైందన్న వాళ్లకు వాకిలి చూపించేది. అలాంటి మనిషి 1983 వేసవిలో బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని కొంగు చివర మెలిపెడుతోంది.

భర్త పోయాక పదకొండేళ్లుగా ఆమె అద్దెకుంటూ వండుతున్న పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. యజమాని రాజేశ్వర్ రావు ఇరవై ఐదు వేలన్నాడు. కూడబెట్టిన పది వేలూ ఊడ్చి బయానా ఇచ్చేసింది. మిగతా పదిహేను వేలు ఆ ఇంటిని తాకట్టు పెట్టుకుని బ్యాంకు ఇవ్వాలి. నెలాఖరులోగా ఇవ్వకపోతే ఇల్లు ఇంకొకరిది, బయానా గంగపాలు.

మేనేజరు సారంగపాణి మంచివాడే, కానీ పాస్‌బుక్కును రాళ్లేరే బియ్యంలా చూసే రకం.

"పోయిన శుక్రవారం మూడు వేలు వేశావు. ఎక్కడివమ్మా?"

ఆ వాడకట్టులో పెళ్లయితే ఒకరి గొలుసు ఇంకొకరి మెడలోకి పోవడం మామూలే. మూడోనాటికి తిరిగొస్తుంది, కాగితమేమీ ఉండదు. సమ్మమ్మ పాస్‌బుక్కుకూ అదే చేసింది. పొరుగింటి రాజక్కనూ ఇంకో నలుగురినీ అడిగి తెచ్చి వేసింది.

"వాడకట్టోళ్లయి సారు. బుక్కు బోసిగుంటే మీరు లోన్ ఇయ్యరేమోనని తెచ్చి ఏసిన. మీరు చూసినంక మళ్ల ఇచ్చేస్త."

సారంగపాణి కళ్లజోడు తీశాడు. "అప్పు కోసం అప్పు చేశావన్నమాట. అవి తీసేస్తే నీవి రెండు వందల పన్నెండు రూపాయలు. నీ సంపాదన ఎంతో నాకెలా తెలియాలి?"

"నలభై మంది తింటరు సారు."

"దానికి కాగితం?"

"తిన్నోళ్లు కాగితం ఇయ్యరు సారు, తేన్పుతరు."

ఆయన నవ్వలేదు. సమ్మమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ పూటే మూడు వేలూ తీసి ఎవరివి వాళ్లకిచ్చేసి, బస్సెక్కి వరంగల్‌లో బియ్యం కొట్టు పాండురంగం దగ్గరికి పోయింది.

పాండురంగం ఖాతా పుస్తకాన్ని ఇంట్లో వాళ్లకు కూడా చూపించడు. సేల్స్ టాక్స్ వాళ్ల పేరెత్తితే ఆయనకు అన్నం సహించదు.

"అది బ్యాంకోళ్ల ముంగట ఎట్ల పెడుత సమ్మక్కా?"

"నా ఒక్క పేజీ చూపియ్యి సేటూ. తొమ్మిదేండ్ల సంది నీ దగ్గర్నే కొంటున్న. ఒక్క వారమన్న బాకీ ఉన్ననా?"

ఆయన మీసం దువ్వుకుని సరేనన్నాడు. మర్నాడు పొద్దున బ్యాంకుకు వచ్చాడు. మిగతా పేజీలన్నీ కండువాతో కట్టేసి, సమ్మమ్మ లెక్క మాత్రం మేనేజరు ముందు పరిచాడు. నెలకు ఐదు క్వింటాళ్ల బియ్యం, వారం వారం చెల్లింపు, తొమ్మిదేళ్లలో ఒక్క వారం బాకీ లేదు.

సారంగపాణి పెన్సిలు తీసి మనిషికి పూటకు ఎంతని లెక్క కట్టాడు. ఒకసారి తుడిచి మళ్లీ కట్టాడు.

"నలభై మందన్నావు. బియ్యం యాభై మందికి సరిపోతుంది."

"మారన్నానికి నేను లెక్క సూడ సారు."

ఈసారి ఆయన నవ్వాడు. కట్టెలూ, పప్పూ, కూరగాయలూ, ఆ మారన్నమూ పోను నెలకు ఏడు వందలు మిగులుతాయని తేల్చి కింద గీత గీశాడు. తన సంపాదన ఎంతో సమ్మమ్మకు తెలియడం అదే మొదలు. నెలాఖరుకు రెండు రోజుల ముందు అప్పు మంజూరైంది, ఇల్లు ఆమె పేరున రిజిస్టరైంది.

ఒకటో తారీఖున రాజేశ్వర్ రావు మిగిలిపోయిన పాత సామాను కోసమని వచ్చి, వేళ చూసుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. పదకొండేళ్లుగా అద్దెకొచ్చినప్పుడల్లా ఆయన కడుపునిండా తిని పోయేవాడు, ఇంటాయన గనక ఆమె పైస అడిగేది కాదు. ఆ రోజు కూడా పప్పు, వంకాయ కూర, నెయ్యి కొసరి కొసరి వడ్డించింది. ఆయన చెయ్యి కడుక్కుని వస్తుంటే గుమ్మంలో నిలబడింది.

"మూడు రూపాయలు, దొరా," అంది.

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.