గనీ మడిలో గోంగూర

సాయంత్రం మానుకోట బజార్లోని చెప్పుల దుకాణం కొడుక్కి అప్పగించి ఇంటికొచ్చాకే అబ్దుల్ గనీకి అసలు పగలు మొదలవుతుంది. పెరట్లో ఇటుకలు పేర్చి కట్టుకున్న మడుల పక్కన చాప వేసి, ఫోన్లో కవ్వాలీ పెట్టి, నచ్చిన బొమ్మలన్నీ కత్తిరించి పుస్తకంలో అంటిస్తాడు. పాట మంచి చోటికి రాగానే కళ్లు మూసుకుంటాడు. వేళ్ల జిగురు గడ్డానికి అంటుకుంటుంది. అట్లా ఒక పాటలో మునిగి, విత్తనాల పొట్లాల మీది బొమ్మల కోసం గింజలన్నీ గిన్నెల్లోకి ఒంపేశాడు. పాటయ్యాక ఏ గిన్నెలో ఏముందో తెలియలేదు. 'మొలిస్తే అవే చెప్తయి' అనుకుని చల్లేశాడు. ఒక మడిలో చీలికల ఆకులు రాగానే అది గోంగూరేనని తేల్చేసుకున్నాడు.

కురవిలో సేద్యం చేసే బావ అఫ్జల్ ఆ మడుల్ని పిచ్చుక గూళ్లంటాడు. ఆయన నోరు మూయించాలనే ఈ ఆదివారం అక్కాబావల్ని భోజనానికి పిలిచి, తన మడిలో గోంగూరతోనే మాంసం వండిస్తానని గనీ మాటిచ్చాడు. తీరా మాంసం ఉడుకుతుంటే, భార్య కహ్కషాన్ మడిలో ఆకు తుంచి నమిలింది.

"పులుపేది జీ? గియ్యి బెండ మొక్కలు."

గనీ కూడా నమిలాడు. ఇన్నాళ్లూ బెండాకును 'పులుపెక్కు బేటా' అని బుజ్జగించినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది. సంచి చొక్కాలో దాచుకుని వెనక సందులోంచి బజారుకు బయలుదేరబోతుంటే, అక్క అజీజ్‌బీ ఎదురొచ్చింది. బుర్ఖా చాటున గోంగూర కట్టలున్నాయి.

"నువ్వు పండిస్తనన్ననాడే అనుకున్న. మీ బావ ముందటి దిక్కు బండి పెడుతుండు, జల్ది తీస్కో."

భోజనాల దగ్గర బావ రెండోసారి వడ్డించుకున్నాడు. "మానుకోట మట్టిల గింత పులుపు ఎట్లొచ్చింది గనీ? జర విత్తనం ఇయ్యి, నేను గూడ ఏస్త."

అజీజ్‌బీకి పొలమారింది. గనీ ఆమెకు నీళ్లందించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అచ్చం రైతులా నిట్టూర్చి, "ఈసారి పంట విత్తనానికి నిలవలే దుల్హాభాయ్" అన్నాడు.